‘దొరికింది’ అన్న వార్త తర్వాత మిగిలే ప్రశ్నలు: చోరీ అయిన చారిత్రక పత్రాల కథనాల్లో తప్పులు ఎక్కడ పుడుతున్నాయి

క్లుప్తంగా

పాత గ్రంథమో, లేఖో, తాళపత్రమో చోరీ అయిందనీ, మళ్లీ దొరికిందనీ వచ్చే వార్తల్లో తప్పులు చాలావరకు ఒకే వేరు నుంచి పుడుతున్నాయి. పోయింది ఏ రచన అన్నది చెప్పి, పోయింది ఏ ప్రతి అన్నది వదిలేయడమే ఆ వేరు. వయసు, విలువ, సంఖ్య, ‘తొలి’ అనే బిరుదు, చివరికి ‘దొరికింది’ అన్న మాట కూడా అక్కడి నుంచే పక్కదారి పడుతున్నాయి. పోలీసు ప్రకటన వార్తా ఏజెన్సీ కథనమై, అది మరో భాషలోకి వెళ్లేసరికి అనుమానంగా ఉన్నది నిర్ధారణగా మారుతోంది. వస్తువు విదేశంలో ఉన్నప్పుడు ఈ తేడా వార్తతో ఆగదు, దాన్ని తిరిగి అడిగే హక్కు దాకా వెళుతుంది.

తంజావూరు పుస్తకం ఉదంతం

2022 జులైలో తమిళనాడు పోలీసు శాఖలో విగ్రహాల చోరీలను దర్యాప్తు చేసే ఐడల్ వింగ్ సీఐడీ ఒక ప్రకటన చేసింది. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయం నుంచి 2005లో మాయమైన, 1715 నాటి తమిళ బైబిల్ ఆచూకీ లండన్‌లో తెలిసిందన్నది దాని సారాంశం. ఆ వార్త త్వరలోనే దేశమంతా పాకింది. చెన్నైలోని తెలుగు పాఠకులు దాన్ని ఎవరి ఊరి వార్తగానో చదవలేరు. నాయక రాజుల కొలువులో పుట్టిన తెలుగు కావ్యాలు, యక్షగానాల రాతప్రతులను కాపాడుతున్న గ్రంథాలయాల్లో సరస్వతీ మహల్ ముఖ్యమైనది. అక్కడ ఒక పుస్తకం పోయిందంటే మిగతావాటి మాటేమిటన్న ప్రశ్న వెంటనే వస్తుంది.

ఆ పుస్తకాన్ని ‘తొలి తమిళ బైబిల్’ అని శీర్షికలు పిలిచాయి. తరంగంబాడిలోని డేనిష్ స్థావరంలో పనిచేసిన జర్మన్ మిషనరీ జీగెన్‌బాల్గ్ అచ్చు వేయించింది బైబిల్‌లో రెండో భాగమైన కొత్త నిబంధన మాత్రమే. అందులో కొంత 1714లో, మిగిలినది 1715లో అచ్చయింది. పాత నిబంధన అనువాదం పూర్తి కాకముందే 1719లో ఆయన చనిపోగా, బెంజమిన్ షుల్జ్ ఆ పనిని ముందుకు తీసుకెళ్లాడు. (ఈ షుల్జే తర్వాత మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకున్నాడు, 1740లలో జర్మనీలోని హాలె పట్టణంలో తెలుగు లిపిలో చిన్న పుస్తకాలు అచ్చు వేయించినవాడూ ఆయనే.) ‘తొలి’ని ఇంకొంచెం సాగదీసి తమిళంలో తొలి అచ్చు పుస్తకం అంటే అది పూర్తిగా తప్పవుతుంది. తమిళ లిపిలో ‘తంబిరాన్ వణక్కం’ 1578లోనే కొల్లంలో అచ్చయింది.

ఇవన్నీ ఒక వాక్యంతో సరిదిద్దగల తప్పులు. అంత తేలిగ్గా తీరని ప్రశ్న మరొకటి ఉంది. లండన్‌లో కనిపించిన పుస్తకం మూడో జార్జి రాజు సేకరణలోదని వార్తల్లో వచ్చింది. మూడో జార్జి 1820లో మరణించాడు. ఆయన కూడబెట్టిన గ్రంథాలయాన్ని కొడుకు నాలుగో జార్జి 1823లో జాతికి అప్పగించాడు. అది ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీ భవనం నడుమ, అద్దాల గోడల వెనక ‘కింగ్స్ లైబ్రరీ’ పేరుతో ఉంది. దాదాపు రెండు వందల ఏళ్ల కిందటే కూర్పు ముగిసిన సేకరణలోకి, 2005లో తంజావూరులో పోయిన పుస్తకం ఎలా చేరుతుంది? ఏదో దారిన చేరి ఉంటే ఆ దారిని చూపించాలి. లేదంటే అక్కడ ఉన్నది అదే అచ్చులో వచ్చిన మరో ప్రతి కావచ్చు. వెబ్‌సైట్‌లో కనిపించే ముఖపత్రం ఫొటో ఈ సంగతి తేల్చలేదు. ఒకే అచ్చులో వచ్చిన ప్రతులన్నిటికీ ముఖపత్రం ఒకటే. తేల్చగలిగినవి ఆ ఒక్క ప్రతికే ఉండే గుర్తులు: గ్రంథాలయం వేసిన ముద్ర, ఎవరో చేసిన సంతకం, అట్ట కట్టిన తీరు, చినిగిన పుట, పురుగు తొలిచిన జాడ. తొలిరోజు కథనాలు చాలావరకు ఈ గుర్తుల దాకా రాలేదు.

ఒకే లేఖ నాలుగు సార్లు

ఇలాంటి గందరగోళం ఐరోపా, అమెరికా వార్తల్లోనూ జరిగింది. కొలంబస్ 1493లో తన తొలి సముద్రయానం గురించి రాసిన లేఖ ఇందుకు చక్కని ఉదాహరణ. ఆయన స్వదస్తూరీతో రాసిన కాగితం ఇప్పుడు లేదు. ఉన్నవి ఆ లేఖ లాటిన్ అనువాదాన్ని ఆ ఏడాదే రోమ్‌లో అచ్చు వేసిన కొద్ది పుటల కరపత్రాలు, అలాంటివే మరికొన్ని నగరాల ముద్రణలు. ఫ్లోరెన్స్‌లోని రికార్డియానా గ్రంథాలయంలో, వాటికన్‌లో, బార్సెలోనాలోని కాటలోనియా జాతీయ గ్రంథాలయంలో దొంగలు అసలు ప్రతిని తీసి నకలు పెట్టి వెళ్లారు. అల్మరా ఖాళీగా కనిపించకపోవడంతో చోరీ సంగతి ఏళ్ల తరబడి బయటపడలేదు. ఫ్లోరెన్స్ ప్రతి అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో తేలి 2016లో ఇటలీకి తిరిగి వెళ్లింది. వాటికన్, బార్సెలోనా ప్రతులు 2018లో, వెనిస్‌లోని మార్చియానా గ్రంథాలయం పోగొట్టుకున్న ప్రతి 2023లో వాపసయ్యాయి. ప్రతిసారీ శీర్షికల్లో కనిపించింది ‘చోరీ అయిన కొలంబస్ లేఖ’. వాటిని వరసగా చదివినవారికి ఒకే లేఖ నాలుగు సార్లు పోయి నాలుగు సార్లు దొరికిందనిపిస్తే ఆ తప్పు వారిది కాదు. కొలంబస్ చేతిరాత కాగితమే దొరికిందని నమ్మినా వారిని తప్పుపట్టలేం.

నకలు పెట్టి అసలు ఎత్తుకుపోయే పద్ధతి వల్ల వార్తల్లో సంఖ్యలు కూడా నిలకడగా ఉండవు. పుష్కిన్ వంటి రష్యన్ రచయితల తొలి ముద్రణలను బాల్టిక్ దేశాలు, పోలండ్ తదితర చోట్ల గ్రంథాలయాల నుంచి అపహరించిన ముఠా కేసులో, కనీసం 170 పుస్తకాలు పోయాయని 2024 ఏప్రిల్‌లో ఐరోపా సమాఖ్య పోలీసు సంస్థ యూరోపోల్ చెప్పింది. ‘కనీసం’ అన్న మాట అక్కడ ఊరికే లేదు. అల్మరాల్లోని ప్రతి పుస్తకాన్నీ తీసి అసలుదో కాదో చూసేవరకు పోయినవాటి లెక్క పూర్తి కాదు. వార్త మరో భాషలోకి వెళ్లేటప్పుడు మొదట రాలిపోయేవి సరిగ్గా ఇలాంటి మాటలే.

తాటాకు వయసు, కట్టల లెక్క

దక్షిణాది వార్తల్లో ఎక్కువగా కనిపించే తప్పు తాళపత్రాల వయసుకు సంబంధించినది. వెయ్యేళ్ల కిందటి కావ్యం ఉన్న తాటాకు కట్ట పట్టుబడితే అది వెయ్యేళ్ల నాటి తాళపత్రం అయిపోతుంది. ఇక్కడి వేడికీ, తేమకూ, పురుగులకూ తాటాకు మూడు నాలుగు వందల ఏళ్లకు మించి నిలవడం అరుదు. అందుకే పాత గ్రంథాన్ని తరం తర్వాత తరం కొత్త ఆకులపైకి ఎత్తి రాస్తూ వచ్చారు. మనకు చేరిన తెలుగు, తమిళ తాళపత్రాల్లో అత్యధికం గత కొద్ది శతాబ్దాల్లో రాసినవే. నన్నయ పద్యం పదకొండో శతాబ్దానిది కావచ్చు. దాన్ని మోస్తున్న ఆకు పద్దెనిమిదో శతాబ్దానిది కావచ్చు. చోరీ కేసులో లెక్కకు వచ్చేది ఆకు వయసు.

ఆ వయసు తేల్చడం కూడా చూసినంత సులువు కాదు. లేఖకులు గ్రంథం చివర తమ పేరు, ఊరు, సంవత్సరం, మాసం, తిథి రాసుకునేవారు. అయితే ఆ సంవత్సరం చాలాసార్లు ప్రభవ, విభవ వంటి పేరు మాత్రమే. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది. పక్కన శక సంవత్సరం లేకపోతే లిపి తీరును, వార తిథుల పొంతనను చూసి ఏ ఆవృత్తిదో నిర్ణయించాలి. సాయంత్రానికి వార్త ఇవ్వాల్సిన విలేకరికి ఇది సాధ్యమయ్యే పని కాదు. అయినా ‘సుమారు ఫలానా శతాబ్దం, నిపుణుల పరిశీలన ఇంకా కావాలి’ అని రాయడానికి అడ్డేమీ లేదు.

సంఖ్యల తికమక దీనికి తోడు. పోలీసులు స్వాధీనం చేసుకున్నప్పుడు పంచనామాలో ఆకులు లెక్కపెడతారు. గ్రంథాలయం కట్టలు లెక్కపెడుతుంది. పండితులు రచనలు లెక్కపెడతారు. ఒక కట్టలో శతకం, వైద్యం, జ్యోతిషం కలిపి పది రచనలు ఉండవచ్చు. ఒకే పురాణం రెండు కట్టలకు విస్తరించవచ్చు. చెన్నై కోట్టూరుపురంలో ఉన్న ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో యాభై వేలకు పైగా తాళపత్ర గ్రంథాలు ఉన్నాయన్నప్పుడు అవి విడి ఆకులు కావు. అదే పద్ధతిలో చూస్తే ‘మూడు వందల తాళపత్రాలు స్వాధీనం’ అన్న పెద్ద శీర్షిక కింద ఉన్నది ఒకే ఒక్క పుస్తకం కావచ్చు.

కనిపించకపోవడం నుంచి వాపసు దాకా

ఒక పత్రం కనిపించడం లేదని తెలియడం, చోరీగా కేసు నమోదు కావడం, ఎక్కడో అలాంటిది ఉందని తెలియడం, అది ఇదేనని రుజువు కావడం, స్వాధీనం, వాపసు: ఇవన్నీ వేర్వేరు దశలు. వీటి మధ్య ఏళ్లు గడుస్తాయి, కొన్నిసార్లు దశాబ్దాలు. వార్తలు వీటిని ఒకదానిపై ఒకటి పేర్చి రెండు దశలకు కుదించేస్తున్నాయి: పోయింది, దొరికింది.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోని డార్విన్ నోటుపుస్తకాలు రెండింటి సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. 1837లో ఆయన గీసిన ‘జీవవృక్షం’ బొమ్మ వాటిలో ఒకదానిలో ఉంది. 2000 నవంబరులో ఫొటోలు తీయడానికి వాటిని భద్రపరిచే గది నుంచి బయటికి తెచ్చారు. 2001 జనవరిలో తనిఖీ చేస్తే అవి తమ చోట లేవు. తప్పుడు అల్మరాలో పెట్టి ఉంటారన్న నమ్మకంతో గ్రంథాలయం ఏళ్ల తరబడి వెతికింది. 2020లో మరోసారి సమగ్రంగా గాలించాకే బహుశా చోరీ జరిగి ఉంటుందని ప్రకటించి, ప్రజల సాయం కోరింది. 2022 మార్చిలో ఎవరో వాటిని గులాబీ రంగు సంచిలో పెట్టి, గ్రంథాలయాధికారికి ఈస్టర్ శుభాకాంక్షలు రాసిన కవరుతో పాటు గ్రంథాలయంలోనే వదిలి వెళ్లారు. ‘ఇరవై ఏళ్ల కిందట చోరీ అయిన నోటుపుస్తకాలు’ అని రాసిన కథనాలు, ఎప్పుడు పోయాయన్నదీ, పోయాయని ఎప్పుడు గుర్తించారన్నదీ, చోరీ అని ఎప్పుడు భావించారన్నదీ ఒక్క ముక్కలో కలిపేశాయి. బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు జవాబు మాత్రం ఆ మూడు తేదీల మధ్య ఖాళీల్లోనే ఉంది. ఈ ఉదంతంలో మెచ్చుకోదగినదీ ఉంది. గ్రంథాలయం తన విజ్ఞప్తితో పాటు ఫొటోలు, పరిమాణం, పెట్టె రూపం కూడా ఇచ్చింది కాబట్టి వార్తల్లో వస్తువు వర్ణన తప్పలేదు.

ఒక్కటే ఉన్న వస్తువుకూ అచ్చు పుస్తకానికీ తేడా ఎంతో తెలియడానికి తంజావూరు నుంచే మరో ఉదాహరణ ఉంది. శరభోజి రాజు, ఆయన కొడుకు శివాజీ కలిసి ఉన్న పందొమ్మిదో శతాబ్దపు చిత్రాన్ని అమెరికాలోని పీబడీ ఎసెక్స్ మ్యూజియం 2006లో 35 వేల డాలర్లకు కొంది. అమ్మిన వ్యాపారి సుభాష్ కపూర్ పురావస్తువుల అక్రమ రవాణా వ్యవహారాలు బయటపడ్డాక, 2015లో ఆ చిత్రాన్ని అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ అధికారులకు అప్పగించింది. అలాంటి చిత్రం లోకంలో ఒక్కటే కాబట్టి గుర్తింపు సమస్య తక్కువ. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందన్న గొలుసుకు ఒక కొస దొరికింది. 1715 నాటి అచ్చు పుస్తకం విషయంలో ఆ గొలుసును మొదటి నుంచీ కట్టుకుంటూ రావాలి. రెండింటినీ ఒకే మూసలో, ‘విదేశీ మ్యూజియంలో మన సంపద’ అన్న చట్రంలో చెప్పడం వల్ల చదివేవారికి ఈ తేడా కనిపించదు.

స్వదేశంలో స్వాధీనమైన వస్తువుల విషయంలోనూ ఒక దశ వార్తల్లో జారిపోతోంది. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం సాధారణ వస్తువులు వందేళ్లు నిండితే పురావస్తువులు. చారిత్రక, సాహిత్య, శాస్త్రీయ విలువ ఉన్న రాతప్రతులకు, దస్తావేజులకు 75 ఏళ్లు చాలు. వందేళ్లు కాలేదు కాబట్టి అది పురావస్తువు కాదని రాతప్రతుల గురించి రాస్తే తప్పు. ఒక వస్తువు పురావస్తువేనా అన్న వివాదం వస్తే, ఆ చట్టంలోని 24వ సెక్షన్ ప్రకారం నిర్ణయం భారత పురావస్తు సర్వే డైరెక్టర్ జనరల్‌ది లేదా ఆయన అధికారమిచ్చిన అధికారిది. పోలీసు సమావేశంలో బల్లపై పరిచిన వస్తువులు ఆ పరీక్ష ఇంకా దాటలేదన్నది కథనంలో ఒక్క వాక్యమైనా ఉండాలి.

కోట్ల రూపాయల అంకె

విలువ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. చోరీ సొత్తుకు బహిరంగ మార్కెట్ లేదు, భారతీయ పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు ఎగుమతి చేయడానికి వీల్లేదు. కాబట్టి ‘అంతర్జాతీయ మార్కెట్లో ఇన్ని కోట్లు’ అన్న అంకెకు ఆధారం చాలాసార్లు ఎవరో వేసిన అంచనా మాత్రమే. చేతులు మారుతున్న కొద్దీ ఆ అంకె ఎలా పెరుగుతుందో బార్సెలోనా ప్రతి చూపిస్తుంది: 2005లో ఆరు లక్షల యూరోలకు, 2011లో తొమ్మిది లక్షల యూరోలకు అమ్ముడైంది. ఈ రెండింటిలో ఏది దాని విలువ?

చోరీ, కొనుగోలు, తరలింపు

వలస పాలన నాటి సేకరణలన్నిటికీ ‘ఎత్తుకుపోయారు’ అన్న ఒకే మాట వాడటం మరో అలవాటు. తెలుగువారికి దగ్గరి ఉదాహరణ ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ సేకరణ. ఏలూరుకు చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సాయంతో ఆయన ఊరూరా కైఫీయత్తులు (గ్రామాల చరిత్ర వృత్తాంతాలు), శాసనాల నకళ్లు, గ్రంథాలు సేకరింపజేశాడు. 1821లో ఆయన చనిపోయాక ఈస్టిండియా కంపెనీ ఆ సేకరణను ఆయన భార్య నుంచి లక్ష రూపాయలకు కొంది. దానిలో కొంత లండన్ చేరింది. దక్షిణ భారత భాషల రాతప్రతులు మద్రాసుకు తిరిగి వచ్చి, సీపీ బ్రౌన్ సేకరణతో కలిసి, 1869లో ఏర్పడిన ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి పునాది అయ్యాయి. మన పల్లెల చరిత్రలో గణనీయమైన భాగం ఇవాళ చెన్నైలో చదవగలుగుతున్నామంటే కారణం అదే.

అధికారంలో ఉన్నవాడు అడిగినప్పుడు గ్రామస్థుడు ఎంత ఇష్టంగా ఇచ్చి ఉంటాడన్నది న్యాయమైన ప్రశ్నే, చర్చించవలసినదే. కానీ అది 2005లో అల్మరాలోంచి పుస్తకం మాయం కావడం లాంటిది కాదు. సాంస్కృతిక సంపద అక్రమ రవాణాపై 1970 నాటి యునెస్కో ఒప్పందం వెనకటి కాలానికి వర్తించదు. భారత్ దాన్ని 1977లో ఆమోదించింది, బ్రిటన్ 2002లో చేరింది. 1820ల్లో తరలిన వస్తువును అడగాలంటే దారి రాజకీయం, దౌత్యం. 2005లో పోయినదాన్ని అడగడానికి చట్టం కూడా ఉంది. ఇద్దరినీ ఒకే మాటతో దొంగలనడం వల్ల బలమైన వాదన బలహీనమైన వాదనతో కలిసి పలచబడుతుంది.

ప్రకటన నుంచి పత్రిక దాకా

ఈ తప్పులకు విలేకరుల నిర్లక్ష్యం ఒక్కటే కారణమనడం సరికాదు. చెన్నైలో పోలీసు ప్రకటన ఇంగ్లిష్‌లోనో తమిళంలోనో వెలువడుతుంది. అది దర్యాప్తు ఎంత ముందుకు వెళ్లిందో చెప్పడానికి రాసినది. అందులో సందేహాలకు చోటు తక్కువ. ఏజెన్సీ దాన్ని కుదించి పంపుతుంది. ఆ కుదింపును డెస్క్‌లో ఉన్న సబ్ ఎడిటర్ తెలుగు చేస్తాడు. తంజావూరు గ్రంథాలయాన్ని గానీ, లండన్ క్యాటలాగును గానీ చూసే వెసులుబాటు ఆయనకు ఉండదు. ‘అని పోలీసులు భావిస్తున్నారు’ అన్న క్రియ శీర్షికలో ఇమడదు. పక్కన పెట్టడానికి బొమ్మ కావాలి కాబట్టి వేరే గ్రంథం ఫైల్ ఫొటో వస్తుంది, చాలాసార్లు అది ఫైల్ ఫొటో అన్న గుర్తు కూడా ఉండదు. నేర వార్తలు చూసే విలేకరికి స్టేషన్ తెలుసు, రాతప్రతులు తెలియవు. సాహిత్య పేజీ చూసేవారికి రాతప్రతులు తెలుసు, ఆ రోజు వార్త వారి దగ్గరికి వెళ్లదు. అసలు లోపం ఈ రెండు బల్లల మధ్య దూరంలో ఉంది.

ఎవరికి నష్టం

యునెస్కో ఒప్పందంలోని ఏడో అధికరణం మ్యూజియం, గ్రంథాలయం వంటి సంస్థల నుంచి చోరీ అయిన వస్తువుల దిగుమతిని నిషేధిస్తుంది. అయితే ఆ వస్తువు సంస్థ జాబితాలో నమోదై ఉందని పత్రాలతో చూపగలగాలి. అంటే వాపసు కోరేవారి చేతిలో ఉండవలసిన ఆయుధం నమోదు రిజిస్టరులోని ఆ వరస: సంఖ్య, తేదీ, పుటలు, కొలతలు, ముద్రలు. కథనంలో ఈ వివరాలు సరిగ్గా వస్తే పాత పుస్తకాల వ్యాపారులకు, వేలం సంస్థలకు, ఇతర గ్రంథాలయాలకు అవి పనికొస్తాయి. రచన పేరు, కోట్ల విలువ మాత్రమే వస్తే, అదే అచ్చుకు చెందిన నిర్దోషమైన ప్రతి ఉన్నవారిపై అనుమానం పడుతుంది, అసలు ప్రతి ఉన్నవాడు నిశ్చింతగా ఉంటాడు.

గ్రంథాలయ సిబ్బంది మీద పడే నీడ ఇంకో నష్టం. లోపలివారు చేసిన చోరీలు లేకపోలేదు. అమెరికాలోని పిట్స్‌బర్గ్ కార్నెగీ గ్రంథాలయంలో అరుదైన పుస్తకాల గదిని చూసుకునే ఉద్యోగే ఏళ్ల తరబడి పుటలు, పుస్తకాలు బయటికి చేరవేసి 2020లో శిక్ష పొందాడు. అక్కడ 2017 నాటి తనిఖీలో అల్మరాలోని పుస్తకాలను జాబితాతో ఒక్కొక్కటిగా పోల్చి చూశాకే అనుమానం ఒక మనిషి మీదికి వెళ్లింది. తనిఖీకి ముందే ‘ఇంటి దొంగల పనేనా’ అని వచ్చే శీర్షిక, ఆ రోజు సెలవులో ఉన్న అటెండరునూ కలిపేసుకుంటుంది.

ఇక సవరణల మాట. చెన్నై నుంచి వెలువడే ‘ది హిందూ’ 2006లో పాఠకుల సంపాదకుడిని నియమించి, తప్పులను తేదీ, పేజీ సహా సరిదిద్దే పద్ధతి పెట్టింది. అయితే సవరణ వేసే పత్రిక తన కథనాన్ని మాత్రమే సరిదిద్దుకోగలదు. ఏజెన్సీ పంపిన పాఠాన్ని ఉన్నదున్నట్టు పెట్టిన సైట్లు, దాన్నే చదివి వినిపించిన వీడియోలు, అనువాదం మీద అనువాదంగా వచ్చిన ముక్కలు అలాగే ఉంటాయి. ఏడాది తర్వాత మరో పత్రం ఆచూకీ తెలిసినప్పుడు నేపథ్యం కోసం వెతికే సబ్ ఎడిటర్‌కు ముందు కనిపించేవి అవే. కొత్త కథనం చివరి పేరాలో ‘గతంలో లండన్ నుంచి స్వాధీనం చేసుకున్న’ అన్న మాట చేరిపోతుంది, స్వాధీనం జరిగిందో లేదో ఎవరూ చూడకుండానే.